ఒంటెద్దుకు రెండింతల బాట

మొన్న సాయంత్రం చేటలో కొర్రలు పోసుకుని రాళ్లు ఏరుతున్నాను. ఎదురుగా నా మనవరాలు పుస్తకం ఒళ్లో పెట్టుకుని పెద్దగా చదువుతోంది. తొమ్మిదో తరగతి. ఇంకా పొద్దు గూకలేదు, అయినా లైటు వెలుగుతోంది, నెత్తిన ఫ్యాను తిరుగుతోంది. లేచి లైటు తీసేసి వచ్చి కూర్చున్నాను. అప్పుడు నా చెవిన పడింది ఆ మాట.

"కదిలే కప్పీ వాడితే బరువును లేపడానికి సగం బలం చాలు. కానీ తాడును రెండింతల దూరం లాగాలి."

నా చెయ్యి కొర్రల్లోనే ఆగిపోయింది.

"మళ్లీ చదువు" అన్నాను.

"ఎందుకవ్వా? పరీక్ష నీకా నాకా?"

"చదవమంటే చదువు."

చదివింది. నేను ఐదో తరగతితో బడి మానినదాన్ని. అక్షరాలు కూడబలుక్కుని చదువుతాను, కూడబలుక్కునే రాస్తాను. ఆ పిల్ల పుస్తకాల్లో నాకు తెలిసే మాటలు తక్కువ. కానీ ఆ ఒక్క వాక్యం మాత్రం నాకు ఎవరూ అర్థం చెప్పనక్కరలేదు. దాని కోసం నేను మన్ను మోశాను.

మాది పత్తికొండ దిక్కున ఒక మెట్ట ఊరు. వాన పడితే చేను, పడకుంటే మబ్బుల వైపు చూపు. ఊరి బయట మాకొక బావి, దాని కింద చిన్న తోట ఉండేవి. తోటలో ఎర్రగడ్డలు, అదే ఉల్లి, కొన్ని మడులు రాగి, గట్ల మీద వంకాయ, గోరుచిక్కుడు. ఎండాకాలమంతా మా కడుపు నింపేది ఆ తోటే. అప్పటికి మా వైపు కరెంటు మోటార్లు రాలేదు. నీళ్లు పైకి రావాలంటే కపిల తోలాల్సిందే.

కపిల అంటే ఇప్పటి పిల్లలకు తెలియదు కాబట్టి చెబుతాను. బావి ఒడ్డున రెండు రాతి కూసాలు, వాటి మధ్య చెక్క గిలక. గిలక మీదుగా లావుపాటి మోకు. మోకుకు ఒక కొసన తోలు బాన, ఇంకో కొసన ఎద్దుల కాడి. బావి అంచు నుంచి అవతలికి నేలను వాలుగా తవ్విన బాట ఉంటుంది. ఎద్దులు ఆ వాలులో కిందికి నడిస్తే బాన నీళ్లతో పైకి వస్తుంది. తోలే మనిషి మోకు మీదే కూర్చుంటాడు, అతని బరువు కూడా ఎద్దులకు సాయమే. బాన తొట్టిలోకి కుమ్మరించాక ఎద్దులు వెనక్కి తిరగవు. మొహం అటే పెట్టుకుని, వెనక్కి వెనక్కి అడుగులు వేస్తూ బావి దగ్గరికి ఎక్కుతాయి. ముందుకు నడవడం ఏ ఎద్దుకైనా వచ్చు. వెనక్కి నడవడం నేర్చినదే కపిల ఎద్దు.

తెల్లవారేసరికి మా నాయన మోకు మీద కూర్చుని పాడుతూ ఉండేవాడు. బాన పైకి వచ్చే దాకా ఒక చరణం, నీళ్లు పడగానే ఒక కేక. నేను గంపలో సంగటి ముద్దలు, ఊరుబిండి పచ్చడి పెట్టుకుని పోయేదాన్ని. తడిసిన తోలు, గిలకకు పూసిన ఆముదం, ఎద్దుల చెమట, అప్పుడే నీళ్లు తాగిన మడి, అన్నీ కలిసిన ఒక వాసన దూరం నుంచే వచ్చేది. నాయన గట్టున కూర్చుని, మడిలోంచి ఒక ఎర్రగడ్డ పెరికి, మోకాలి మీద పెట్టి గుద్ది, సంగటిలో నంజుకునేవాడు. నాకు గడ్డ నడిమి పలుకు ఇచ్చేవాడు. అది కారం ఉండదు.

మా ఎద్దులు రెండు. ఒకటి తెల్లది, ఒకటి ఎర్రది. ఎర్రెద్దు దాపటది, అంటే కాడికి ఎడమ పక్క నడిచేది. ఎద్దులకు ఎవరి పక్క వాళ్లదే. మార్చి కడితే తెల్లెద్దు ఊరుకునేది గానీ ఎర్రెద్దు అడుగు తీసి అడుగు వేసేది కాదు. నేను గంగడోలు గోకితే తప్ప గడ్డి కూడా సరిగా ముట్టదని ఇంట్లో అందరూ ఎగతాళి చేసేవాళ్లు. అది నా ఎద్దని నేను అనుకునేదాన్ని. దానికీ ఆ అభిప్రాయమే ఉండేదని నా నమ్మకం.

ఇంటి పెత్తనం జేజిది, నాయన వాళ్లమ్మది. నూనె గిన్నెలో వేలు ముంచి, ఆ వేలితో పెనం తడిపి రొట్టె కాల్చేది. తలకు ఆముదం రాసేటప్పుడు అరచేతిలో మిగిలింది నా మోకాళ్లకు పూసేది. ఈరోజు నన్ను పిసినారి అనేవాళ్లు ఆమెను చూసి ఉంటే నన్ను దుబారా మనిషి అనేవాళ్లు.

ఇక చిన్నాయన. నాయనకు తమ్ముడు. కర్నూల్లో హాస్టల్లో ఉండి చదివి, ఎస్సెల్సీ తప్పి ఇంటికి వచ్చాడు. తప్పింది ఇంగ్లీషు ఒక్కటే. సైన్సులో మంచి మార్కులు వచ్చాయని ఆయనే చెప్పుకునేవాడు, అడిగిన వాళ్లు లేరు. అప్పుడు కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని. ఇళ్లు చాలక డేరాలు వేసి సర్కారు కచేరీలు నడిపేవారట. "డేరాలు చూసుకుంటా తిరిగినోనికి ఇంగ్లీషు యాడ వస్తాది?" అనేది జేజి.

చిన్నాయన సైన్సు పుస్తకాన్ని మాత్రం వదల్లేదు. గట్టు మీద నన్ను కూర్చోబెట్టుకుని పాఠం చెప్పేవాడు. దూరంగా వంకలో ఎవరో బండ మీద బట్టలు ఉతుకుతుంటే, "బట్ట బండకు తగిలింది సూడు. ఇప్పుడు చప్పుడు ఇను" అనేవాడు. నిజంగానే బట్ట మళ్లీ పైకి లేచాక చప్పుడు వచ్చేది. బావిలో రాయి వేసి, నీళ్లలో వలయాలు ఒకదాని వెంట ఒకటి గోడ దాకా పోవడం చూపించి, "మాట గాల్లో ఇట్లనే వస్తాది పాపా. చూపు బిన్నా వస్తాది, మాట నిదానంగా వస్తాది" అనేవాడు.

నేను ఆ పాఠాన్ని ఊరికే వదల్లేదు. ఒకరోజు జేజి వాకిట్లో నుంచి పిడకలు తెమ్మని కేకేసింది. నేను దొడ్లో కదలకుండా కూర్చున్నాను. రెండోసారి, మూడోసారి కేకేసింది. "నీ మాట ఇంకా దారిలో ఉండాది జేజీ, రాలేదు!" అన్నాను. జేజి సంగటి కెలికే కట్టెతో వచ్చింది. దెబ్బ మాత్రం మాటకంటే ముందే తగిలింది. వీపు రుద్దుకుంటూ చిన్నాయన దగ్గరికి పోతే, "అది వేరే పాఠం" అన్నాడు.

ఎండలు ముదిరాయి. ఎర్రగడ్డలు గడ్డ ఊరే సమయం. మడి ఆరకూడని రోజులవి. ఒకనాటి ఉదయం ఎద్దులు వాలులో వెనక్కి ఎక్కుతుంటే, ఎర్రెద్దు వెనక కాలు ఎలుక బొరియలో దిగబడింది. కూలబడిపోయింది. నాయన మోకు మీద నుంచి దూకి కాడి విప్పాడు. సాయంత్రానికి గిట్ట పైకీలు సొరకాయంత వాచింది. ఊళ్లో పశువుల కాళ్లు చూసే పెద్దాయన వచ్చి తడిమి చూశాడు.

"ఎముక ఇరగలే. నరం బెణికింది. చింతాకు ఉడకబెట్టి కాపడం పెట్టండి. వానలు పడే దాకా మెడ మీద కాడి పెట్టద్దు."

ఎద్దు బతికింది సరే, తోట సంగతేమిటి? నిండు బానను ఒక్క ఎద్దు లాగలేదు. ఎవరి బావి మీద వాళ్ల ఎద్దులు తీరిక లేకుండా ఉన్నాయి, అరువు ఇచ్చేవాళ్లు లేరు. ఈ సంగతి ఎట్లా తెలిసిందో ఎద్దుల బేరగాడు రెండో పొద్దుకే మా వాకిట్లో దిగాడు.

"ఏమప్పా, కుంటెద్దును ముందర పెట్టుకుని ఏం ఆలోచన చేస్తాండావు? దాన్ని నాకియ్యి. నా దగ్గర మంచి దాపటెద్దు ఉండాది, తోలుకొస్తా. రేపే కపిల కట్టుకోవచ్చు."

నాయన దొడ్డి వైపు చూశాడు. కుంటెద్దులు ఆయన చేతిలో నుంచి ఎక్కడికి పోతాయో ఊరందరికీ తెలుసు. కాడికి పనికిరాని ఎద్దును కొనేది కోతకే. నేను దొడ్లోకి పోయి ఎర్రెద్దు మెడ పట్టుకుని ఏడ్చాను. జేజి వెనకాలే వచ్చింది.

"ఏడ్చి బాన నింపుతావా? నింపు. తోటకు తోలుకుంటాం" అంది.

కానీ వాకిట్లోకి పోయి బేరగానితో ఆమే మాట్లాడింది.

"అమావాస్యకు రాప్పా. అప్పటికి గడ్డలు పెరకడానికి వస్తాయి. ఆ పొద్దుకు తోట పచ్చగుంటే ఎద్దు మాది. ఎండిపోయింటే నువ్వు తోలుకపో. నేను అడ్డం రాను."

"ఒంటెద్దుతో తోట యాడ నిలుస్తాదమ్మా?"

"అది నీకు ఎందుకు? చెప్పినప్పుడు రా."

ఆమె అడ్డం రానంటే రాదు. అది నాకు బాగా తెలుసు. అందుకే నాకు ఇంకా భయమేసింది.

ఆ సాయంత్రం చిన్నాయన పుస్తకం పట్టుకుని నాయన ఎదురుగా కూర్చున్నాడు. నేల మీద పుల్లతో బొమ్మ గీశాడు. పైన ఒక చక్రం, కింద బరువుతో పాటు కదిలే ఇంకో చక్రం, రెండింటి నడుమ తాడు.

"అన్నా, ఒంటెద్దు చాలు."

"రేయ్, గమ్మునుండు. నాకు తల పగులుతాంది."

"నువ్వు ఇను. బానకు ఇంకో గిలక కడదాం. మోకు ఒక కొసను పైన కూసానికి కట్టేద్దాం. అప్పుడు బాన బరువులో సగం కూసం మోస్తాది, సగమే ఎద్దు లాగాల. ఆ కూసం మనకు ఇంకో ఎద్దు లెక్క."

లోపల పొయ్యి దగ్గర జేజి చెయ్యి ఆగింది.

"కూసం గడ్డి తినదు గదా?" అని అడిగింది.

"తినదు మా."

"చెయ్యండి" అంది జేజి.

గిలక ఎక్కడ? చెక్కది చేయించే తీరిక లేదు. బేతంచెర్ల బండల గనుల్లో రాళ్లు ఎత్తడానికి ఇనుప కప్పీలు ఉంటాయని, అక్కడి మేస్త్రి కొడుకు తనతో హాస్టల్లో చదివాడని చిన్నాయన అన్నాడు. జేజి బుడ్డలు, అంటే వేరుశనగ పప్పులు, వేయించి, బెల్లం పాకంలో వేసి ఉండలు కట్టింది. మేస్త్రి ఇంటికి పెద్ద మూట. చిన్నాయన దారి తిండికి అందులోంచి రెండే ఉండలు తీసి ఇచ్చింది. మరుసటి సాయంత్రం చిన్నాయన బండల లారీ మీద వచ్చి రోడ్డు మీద దిగి, భుజాన కప్పీతో నడుచుకుంటూ వచ్చాడు. తల నుంచి కాళ్ల దాకా రాతి దుమ్ము. వదినైన మాయమ్మే గుర్తుపట్టక, "ఎవరప్పా, ఎవరు కావాల?" అని అడిగింది. కప్పీని అమావాస్య దాకా వాడుకుని తిరిగి ఇవ్వాలన్నది మాట.

తోలు బానకు అడుగున నీళ్లు వదిలే తొండం, దానికి వేరే తాడు ఉంటాయి. రెండు తాళ్లూ కలిసి నడవాలి. ఒకటి రెండింతలు నడిస్తే ఇంకోదానితో పొత్తు కుదరదు. అందుకని చిన్నాయన తొండాన్ని పైకి మడిచి బిగించి కట్టేశాడు. బాన పైకి వచ్చాక అడుగున కట్టిన పగ్గం లాగి వంచాలి. ఆ పని జేజికీ మాయమ్మకూ పడింది. మోకుకు ఇంకో మోకు కలిపి ముడి వేశారు. జేజి తన ఆముదం బుడ్డి తెచ్చి కప్పీ ఇరుసులో ధార కట్టి పోసింది. ఆమె నూనెను ధారగా పోయడం నేను చూడడం అదే మొదలు.

పక్క చేను సాయిబు మామది. గడ్డానికి గోరింట పెట్టుకునేవాడు. పండగకు మా ఇంటికి సేమ్యాలు పంపేవాడు, ఏడాది పొడుగునా ఎగతాళి పంపేవాడు. ఆరోజు పొద్దున్నే వచ్చి మా గట్టు మీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు.

"ఏమప్పా సైన్సూ, షురూ చెయ్యి. నేను బీడీ కూడా తాగకుండా వచ్చినా."

తెల్లెద్దును ఒక్కదాన్ని కట్టారు. నాయన మోకు మీద కూర్చుని అదిలించాడు. ఎద్దు మెడ బిగించి, ఎప్పటిలా పెద్ద బరువు కోసం కాలు తన్నిపెట్టింది. అంత బరువు తగలలేదు. ఆశ్చర్యపోయినట్టు ఒకసారి తల తిప్పి చూసి, నడక సాగించింది.

"రేయ్! అలకగా పోతాంది రా!" అని నాయన గట్టిగా నవ్వాడు. ఎర్రెద్దు పడిన తర్వాత ఆయన నవ్వు వినడం అదే మొదటిసారి.

ఎద్దు వాలు దిగింది. బాట చివర, సాయిబు మామ చేని గట్టు దగ్గర ఆగింది. దాని ముందు ఇక దారి లేదు. మేము బావిలోకి తొంగి చూశాం. బాన బావి నడిమిలో వేలాడుతూ, గిరగిర తిరుగుతూ, నీళ్లు కారుస్తోంది. నాయన అదిలించాడు. ఎద్దు గట్టు వైపు చూసి, నాయన వైపు చూసింది.

నాయన మోకు మీద నుంచి దిగాడు.

"ఏమప్పా, బావిలోనే మడి కడదామా?" అన్నాడు సాయిబు మామ.

చిన్నాయన పుస్తకం కోసం పరుగెత్తాడు. తెచ్చి తిరగేశాడు. అక్కడ అచ్చులో ఉంది, రెండింతల దూరం లాగాలని. బొమ్మలో మాత్రం తాడు చివర ఒక చెయ్యి, కిందికి ఒక బాణం గుర్తు. ఆ చేతి వెనక మనిషి లేడు, అతను నడిచే నేల లేదు.

"చదివింటివా లేదా?" అన్నాడు నాయన.

"చదివినా అన్నా. అందుకే గదా మోకు రెండింతలు తెచ్చినా. నేల సంగతి... నేల సంగతి తట్టలేదు."

జేజి పగ్గం వదిలి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"సగం బలం మిగులుతాదంటివి. మిగిలిందంతా దారిలో గుంజుకుంటాందే ఇది. ఊరికే ఏదీ ఇయ్యదన్నమాట నీ చక్రం."

"ఇయ్యదు మా. ఏ యంత్రమూ ఇయ్యదు. అదే సైన్సు."

"ఆ మాట మొదట్లోనే చెప్పింటే నీ చదువు మీద నాకు రొంత గౌరవముండేది" అంది జేజి.

బాటను పొడిగించాలంటే సాయిబు మామ చేనులోకి తవ్వాలి. నాయనకు అడగడానికి నోరు రాలేదు. తలగుడ్డ విప్పి మొహం తుడుచుకుంటూ నిలబడ్డాడు. సాయిబు మామ లేచి వచ్చాడు.

"నవ్వినానని అడగవా ఏందప్పా? వానలు పడే దాకా నా చేను బీడే గదా. తవ్వుకో. విత్తే లోపల పూడ్చియ్యి, అంతే."

అడిగేలోపే ఇచ్చి, ఇంటికి పోయి రెండు పారలు, ఒక గడ్డపార తెచ్చాడు. ఎండ ఎక్కేలోపల తవ్వడం, ఎండ దిగాక మళ్లీ తవ్వడం. ఇరుగుపొరుగు బావుల వాళ్లు తమ కపిలలు విప్పాక వచ్చి ఒక చెయ్యి వేసేవాళ్లు. ఆడవాళ్లు కడవలతో నీళ్లు తోడి, ఎర్రగడ్డ మడుల మీద చల్లి వాటి ప్రాణం నిలబెట్టారు. నేను చిన్న గంపతో మన్ను మోశాను. గంపలో మన్ను తగ్గితే జేజి పసిగట్టేది. "అది మన్నా, పసుపా?" అనేది.

చిన్నాయన చేతులు బొబ్బలెక్కి చిట్లాయి. గుడ్డ చుట్టుకుని తవ్వాడు. "రేయ్, బలం ఇంటూ దూరం ఎంతైంది?" అని సాయిబు మామ అడిగితే, "మామా, నువ్వు నీళ్లియ్యి ముందు" అన్నాడు. తవ్వినవాళ్లకు జేజి ఉగ్గాని చేసింది. బొరుగులు తడిపి, ఎర్రగడ్డలు, పచ్చిమిరపకాయలు వేసి, పుట్నాల పొడి చల్లి. ఆ ఉగ్గాని చేతికి నూనె అంటింది. మా ఇంట్లో అది అపూర్వం. వేళ్లు నాకుతుంటే జేజి మొహం తిప్పుకుంది, చూస్తే తట్టుకోలేనన్నట్టు.

బాట పూర్తయింది. తెల్లెద్దు పాత వాలు దిగి, గట్టు ఉన్న చోటు దాటి, సాయిబు మామ చేనులో ఇంకా అంత దూరం నడిచింది. బాన పైకి వచ్చింది. జేజి, మాయమ్మ పగ్గం లాగారు. నీళ్లు తొట్టిలో భళ్లున పడ్డాయి. సాయిబు మామ తలమీది టోపీ తీసి గాల్లో ఊపాడు.

కానీ దారి రెండింతలు కాబట్టి ఒక బానకు పట్టే సమయమూ రెండింతలే. పొద్దంతా తోలినా వచ్చేది ఎప్పటి నీళ్లలో సగం. ఒక ఎద్దు ఒక ఎద్దు పనే చేస్తుంది, ఎన్ని చక్రాలు కట్టినా. నాయన మడుల మధ్య అటూ ఇటూ తిరిగి, రాగి మడుల కాలువకు అడ్డంగా మన్ను వేసేశాడు. వంకాయను కూడా వదిలేశాడు. ఎర్రగడ్డలకు మాత్రమే నీళ్లు. రాగి ఎండిపోతుంటే చూడలేక మాయమ్మ ఆ గట్టు మీద నుంచి నడవడం మానేసింది. ఎర్రగడ్డ నిలిస్తే ఎద్దు నిలిచినట్టే. నేను రోజూ మొదట ఆ మడుల పచ్చదనం చూసి, ఆ తర్వాతే గంప దించేదాన్ని.

ఎర్రెద్దును బావి పక్కన తుమ్మచెట్టు కింద కట్టేవాళ్లం. తెల్లెద్దు వాలులోకి దిగినప్పుడల్లా అది పలుపు లాగి అరిచేది. మేత ముట్టలేదు. నేను గంగడోలు గోకినా ముట్టలేదు. రెండు రోజులు చూసి నాయన, "విప్పి వదులు పాపా, నీళ్లన్నా తాగుతాదేమో" అన్నాడు.

విప్పాను. నీళ్ల వైపు పోలేదు. కుంటుకుంటూ వాలు దగ్గరికి పోయింది. తెల్లెద్దుకు ఎడమ పక్కన, తన చోట నిలబడింది. మెడ మీద కాడి లేదు, మోకు లేదు. తెల్లెద్దు కదలగానే తానూ కదిలింది. ఒక కాలు తేలిక చేసుకుంటూ వాలంతా దిగింది. కొత్త బాట చివరి దాకా పోయింది. బాన కుమ్మరించాక, తెల్లెద్దుతో పాటే వెనక్కి వెనక్కి అడుగులు వేస్తూ పైకి వచ్చింది.

నాయన పాట చరణం మధ్యలో ఆగిపోయింది.

"అన్నా, కాలు ఇంకా పాడు చేసుకుంటాదేమో. పట్టుకోనా?" అన్నాడు చిన్నాయన.

"ఉండనీ రా" అన్నాడు నాయన.

జేజి మాత్రం పగ్గం విడవకుండానే అంది. "గడ్డి తినకుండా పనిచేసే ఎద్దును తెస్తానంటివి. పని చెయ్యకుండా నడిచే ఎద్దు వచ్చింది మనకు."

ఆ సాయంత్రం ఎర్రెద్దు మేత మేసింది. కాపడం పెట్టేటప్పుడు చింతాకు మూట జేజే పట్టుకుంది, నన్ను ముట్టనివ్వలేదు. అప్పటి నుంచి అది రోజూ నడిచేది. అలిసిపోతే తనే పోయి చెట్టు కింద నిలబడేది, కాస్త ఆగి మళ్లీ వచ్చేది. కొత్త బాట మెత్తని మన్ను, పెద్దగా వాలు లేదు. కాలి వాపు రోజురోజుకూ దిగుతూ వచ్చింది.

అమావాస్య పొద్దున బేరగాడు వచ్చాడు. చేతిలో కొత్త పలుపు ఉంది. నేను బావి కూసం వెనక్కి పోయి నిలబడ్డాను. అతను ముందు తోట చూడలేదు, బాట చూశాడు. రెండు ఎద్దులు పక్కపక్కన దిగుతున్నాయి.

"ఏమప్పా, కాలు బాగయిందే! మరి కాడి ఎందుకు పెట్టలే?"

"ఇంకా కుంటుతాండాది" అన్నాడు నాయన.

"కుంటేదాన్ని ఎందుకు తోలుతాండావు?"

"నేను తోలలేదప్పా. దాని ఇష్టం అది."

బేరగాడు ఆ ఎద్దు కిందికి పోయి, మళ్లీ వెనక్కి వచ్చే దాకా అట్లే నిలబడ్డాడు. జేజి మడిలోకి దిగింది. ఒక ఎర్రగడ్డ పెరికి మన్ను దులిపింది. ఏటా వచ్చే గడ్డంత లేదు, పసిపిల్ల పిడికిలంత ఉంది. కాడ మాత్రం నిగనిగలాడే పచ్చ. దాన్ని అతని చేతిలో పెట్టింది.

"పచ్చగుండాది, సూసుకో. మాట మాటే గదా?"

"మాటే లేమ్మా" అన్నాడతను.

"అయితే కూర్చో. సంగటి తిని పో."

అతను గట్టున కూర్చుని, పలుపు పక్కన పెట్టి, ఆ గడ్డనే నంజుకుని తిన్నాడు. పోతూ పోతూ ఎర్రెద్దు వీపు ఒకసారి చరిచి పోయాడు. నేను కూసం వెనక నుంచి బయటికి వచ్చాను. అప్పుడు ఏడుపు వచ్చింది. జేజి చూసింది కానీ ఆసారి ఏమీ అనలేదు.

తొలకరికి ముందే కొత్త బాటను పూడ్చి సాయిబు మామకు ఇచ్చేశాం. ఆ ఏడు ఆయన అందులో కొర్ర విత్తాడు. కప్పీ బేతంచెర్లకు పోయింది. చిన్నాయన మళ్లీ పరీక్ష రాసి, మళ్లీ ఇంగ్లీషు తప్పి, ఆ కప్పీ వెనకాలే పోయి గనుల్లో పనికి కుదిరాడు. పండక్కి వచ్చినప్పుడల్లా మాయమ్మ వాకిట్లోనే ఆపి నీళ్లు పోసి, దుమ్ము కడిగి లోపలికి రానిచ్చేది. వానల తర్వాత ఎర్రెద్దుకు కాడి పెట్టారు. ఇంకా చాలా కాలం బతికి, మా దొడ్లోనే కన్ను మూసింది.

ఇదంతా మొన్న మనవరాలికి చెప్పాను. పుస్తకం మూసి శ్రద్ధగానే విన్నది. విన్నాక కాసేపు ఆలోచించి అడిగింది.

"అవ్వా, అంత తవ్వడం ఎందుకు? సగం సైజు బాన ఒకటి కుట్టించి ఉంటే సరిపోయేది కదా. పాత బాటలోనే ఒక్క ఎద్దు లాగేసేది. నీళ్లు కూడా అవే సగం వచ్చేవి."

నేను కొర్రలు చేటలో చెరుగుతూ ఉండిపోయాను. ఆ పిల్ల చెప్పింది నిజమే. చిన్న బాన. ఒక పూట పని. పుస్తకం చదివిన చిన్నాయనకు తట్టలేదు, పుట్టినప్పటి నుంచి కపిల తోలిన నాయనకు తట్టలేదు, ఎగతాళికి సందు వెతికే సాయిబు మామకు తట్టలేదు. చివరికి జేజికి కూడా తట్టలేదు. మా ఇంట్లో బాన ఒక్కటే, అది ఎంతుంటే అంతే. దాన్ని తగ్గించవచ్చని ఎవరికి తోస్తుంది? అందరం ఆ చక్రం చుట్టూ తిరిగాం. జేజి ఇప్పుడు ఉండి ఈ మాట వింటే, ఉగ్గానిలో పోసిన నూనె తలచుకుని నెత్తి బాదుకునేది.

"అవును. ఒట్టి వృథా" అన్నాను మనవరాలితో.

బియ్యం కడిగిన నీళ్లు కూడా పారబోయని మనిషిని నేను. కానీ ఎండలో అంతమంది ఒంగి తవ్విన ఆ బాటలో నుంచి ఒక్క గంప మన్ను తగ్గించమన్నా నాకు మనసు రాదు.